పెద్దాయన చెవిలో పడిన స్తోత్రం

ఈ ఉదయం నన్ను లేపిన దేవునికే మొదట మహిమ. గొప్పవాళ్ళ గుండెల్లో ఏముందో, కూలివాళ్ళ గుండెల్లో ఏముందో ఒకే చూపుతో చూడగలవాడు ఆయన. మనం పొరపాటున తెరిచిన తలుపులోంచి కూడా మంచిని లోపలికి పంపగలవాడు. ఆయన పేరు పొగడకుండా ఈ సంగతి మొదలుపెట్టడం నా వల్ల కాదు. ఇందులో నేను చేసింది ఒక పొరపాటు. మిగతాదంతా ఆయన చేసిందే. దీన్ని మా సంఘంలో సాక్ష్యంగా చెప్పినప్పుడు ఒక పెద్దావిడ, "రాసి పెట్టమ్మా, మా పిల్లలూ చదువుతారు" అన్నారు. అందుకే రాస్తున్నాను.

నా ఉద్యోగం గురించి ముందు చెప్పాలి. పెద్ద పెద్ద సమావేశాలకు మైకులు, తెరలు, లైవ్ ప్రసారాలు చూసుకునే కంపెనీలో నేను సౌండ్ ఇంజనీర్‌ని. ఇల్లు వాషింగ్టన్ శివార్లలో, ఆష్‌బర్న్‌లో. పని ఎక్కువగా వాషింగ్టన్ హోటళ్ళలో. వేదిక ఎక్కబోయే మనిషి కోటుకు చిన్న మైకు తగిలించి, వైరు కోటు లోపలినుంచి తీసి, నడుం దగ్గర పెట్టె కట్టాలి. ఆ కాసేపు నేను ఈ దేశాన్ని నడిపేవాళ్ళకు వాళ్ళ ఇంట్లోవాళ్ళు నిలబడేంత దగ్గరగా నిలబడతాను.

అలా కొన్నేళ్ళుగా చూడగా చూడగా నాకు కొన్ని అలవాట్లు తెలిసిపోయాయి. రాజకీయ నాయకులు మైకు పెట్టేటప్పుడు మన ముఖంలోకి చూస్తారు. మెడలోని బ్యాడ్జి మీద పేరు చదివి, వెంటనే ఆ పేరుతో పిలుస్తారు, పోయేలోపు ఇంకోసారి పిలుస్తారు. డబ్బు ప్రపంచపు పెద్దలు అలా కాదు. పైకప్పు వైపు చూస్తూ నిలబడతారు. మన పేరు అడగరు. "బ్యాటరీ మధ్యలో పోతే ఏం చేస్తావు?" అని అడుగుతారు. ఏది చెడిపోవచ్చో తెలుసుకున్నాకే వాళ్ళకు స్థిమితం. నాయకుల జేబుల్లో పిప్పరమెంట్లు, ఎవరెవరో ఇచ్చిన కార్డులు, మడిచిన కాగితాలు ఉంటాయి. ఈ పెద్దల జేబులు ఖాళీగా ఉంటాయి. పర్సు ఉండదు, తాళంచెవి ఉండదు, ఫోను కూడా పక్కవాడి చేతిలోనే. ఒకాయన కాలరు అరిగి దారాలు లేచి ఉంటే, మైకు క్లిప్పు నిలవక నేను అవస్థ పడ్డాను. ఊళ్ళో సగం భవనాలు ఆయనవేనని తర్వాత విన్నాను.

ఇద్దరిలోనూ ఉన్నది ఒకటే. ఏదో ఒక లోపాన్ని దాచుకుంటారు. ఒకరికి మోకాలు వంగదు, ఒకరికి అక్షరాలు కనబడవు, ఒకరికి చెయ్యి వణుకుతుంది. ఎదుటివాడికి తెలిస్తే అలుసైపోతామని భయం. మాకు తెలుస్తుంది, మేం చెప్పం. అందుకే ఇక్కడ కూడా ఎవరి పేరూ ఉండదు.

మొదట్లో వీళ్ళ దగ్గర నిలబడాలంటే నాకు చేతులు చల్లబడేవి. కానీ కాలరు సర్దేటప్పుడు వేలికి మెడ మీది నరం తగులుతుంది కదా. ఎంత గొప్పవాడిదైనా అది మా నాన్న మెడలో కొట్టుకున్నట్టే కొట్టుకుంటుంది. అది తెలిశాక భయం పోయింది. ఆ స్థానంలో ప్రార్థన వచ్చింది. ఏలేవాళ్ళ కోసం, అధికారుల కోసం ప్రార్థించాలని సండే స్కూల్లోనే నేర్చుకున్నాం. అప్పుడు వాళ్ళు నాకు దినపత్రికలో బొమ్మలు. ఇప్పుడు నా చేతిలోని కాలర్లు. ఎవరికి మైకు పెడితే వాళ్ళ కోసం మనసులో ఒక మాట దేవునికి చెప్పుకునేదాన్ని.

మనసులో అన్నాను గానీ, నిజానికి పెదాల మీదే. గుంటూరు వైపు ప్రార్థన కూడికల్లో పెరిగినవాళ్ళకు ఇది అర్థమవుతుంది. మా దగ్గర ఎవరూ నోరు మూసుకుని ప్రసంగం వినరు. వాక్యానికో "స్తోత్రం", మధ్యలో "అవును తండ్రీ", గట్టి మాట పడితే "హల్లెలూయ". కథకు ఊ కొట్టినట్టు అన్నమాట. అది నాకు తెలియకుండానే వచ్చేస్తుంది. పెద్దలు వేదిక మీద వడ్డీరేట్ల గురించి మాట్లాడుతున్నా నేను సౌండ్ బోర్డు దగ్గర గొణుగుతూనే ఉంటాను.

మా కంపెనీలో వీడియో పని చూసుకునే అబ్బాయిది కరీంనగర్. నాకన్నా చిన్నవాడు, నా పక్క కుర్చీలోనే కూర్చుంటాడు. "అక్కా, ఊ కొడుతున్నది దేవునికా, ఆ సెనేటర్‌కా?" అని ఏడిపించేవాడు.

"ఇద్దరికీరా. నీ తెర చూసుకో."

"ఆయన చెప్పేదానికి స్తోత్రం అంటే దేవుడు నొచ్చుకుంటడేమో సూడు."

ఈ సంగతి జరిగిన రోజు వాషింగ్టన్‌లో ఒక హోటల్ హాల్లో సమావేశం. వేదిక మీద ఇద్దరు పెద్దలు, ప్రశ్నలడిగే ఒకావిడ. ఇద్దరిలో ఒకరు మాజీ సెనేటర్. రెండోవారు పెద్ద పెట్టుబడుల సంస్థకు అధిపతి. ఈ రెండో ఆయన్ని పెద్దాయన అంటాను. ఆయనకు ఒక చెవి దాదాపు వినబడదు. అందుకని రెండో చెవిలో చర్మం రంగులో కలిసిపోయే చిన్న ఇయర్‌పీస్ పెడతాం. ప్రశ్నలడిగే ఆవిడ గొంతు అందులోంచి వినిపిస్తుంది. టైమ్ అయిపోతుంటే నేను బోర్డు మీది టాక్‌బ్యాక్ బటన్ నొక్కి అందులోనే చెప్తాను. హాల్లో ఇంకెవరికీ వినపడదు. ఈ సంగతి ఆయనకు, ఆయన సహాయకుడికి, మా ఇద్దరికి మాత్రమే తెలుసు.

మైకు పెడుతుంటే ఆయన పైకప్పు వైపు చూస్తూ ఏవో పేర్లు మెల్లగా చదువుతున్నాడు. పరీక్ష ముందు పిల్లలు చదువుకున్నట్టు.

"సర్?" అన్నాను.

"ఏం లేదు. అందరూ ఉన్నారో లేదో చూసుకుంటున్నా" అన్నాడు.

ప్రసంగంలో చెప్పాల్సిన పేర్లేమో అనుకున్నాను.

వేదిక మీద సెనేటర్ నీళ్ళు తాగినంత సులువుగా మాట్లాడాడు. పెద్దాయన అలా కాదు. ఒక్కో మాట తూకం వేసి వదులుతున్నాడు. ఒక చెయ్యి మాత్రం కుర్చీ చేతిని వదలడం లేదు. ఎక్కడ తడబడతాడోనని నాకు భయం వేసింది. టైమ్ దగ్గర పడుతుంటే బటన్ తట్టి, "ఇంకాసేపే సర్" అన్నాను. ఆ బటన్‌ని నొక్కి పట్టుకుంటే పట్టుకున్నంతసేపే పనిచేస్తుంది. ఊరికే తట్టి వదిలేస్తే మళ్ళీ తట్టేదాకా తెరిచే ఉంటుంది. నేను తట్టి వదిలేశాను. ఆయన ముఖమే చూస్తూ ప్రార్థనలో పడిపోయాను.

"తండ్రీ, ఈయన మాట జారకుండా చూడు. స్తోత్రం. ఈయన మనసుకు నెమ్మదినియ్యి. స్తోత్రం తండ్రీ, స్తోత్రం, స్తోత్రం..."

వేదిక మీద పెద్దాయన వాక్యం మధ్యలో ఆగిపోయాడు.

వెనక్కి తిరిగి చూశాడు. పైకి చూశాడు. "ఎవరైనా ఏమైనా అన్నారా?" అని అడిగాడు. ముందు వరసలోవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. నాకు ఇంకా భయం వేసి ఇంకా గట్టిగా ప్రార్థించాను. ఆయన చెయ్యి మెల్లగా నుదుటి మీదికి వెళ్ళింది.

సెనేటర్ వెంటనే ముందుకు వంగి, "ఈయన దగ్గర సలహా కావాలంటే అందరూ డబ్బు కట్టాలి. మీకు ఉచితంగా చెప్పేస్తున్నానని ఇప్పుడే గుర్తొచ్చినట్టుంది" అన్నాడు. హాలంతా నవ్వింది. ఆ నవ్వు చాటున ప్రశ్నలడిగే ఆవిడ అందరికీ థ్యాంక్స్ చెప్పి ముగించేసింది. సహాయకుడు దాదాపు పరుగున వచ్చి పెద్దాయన్ని లోపలికి తీసుకుపోయాడు. ఇయర్‌పీస్ వెనక్కి తీసుకోవడానికి కూడా నన్ను దగ్గరికి రానివ్వలేదు.

"అక్కా" అన్నాడు మా కరీంనగర్ అబ్బాయి. ఈసారి గొంతులో నవ్వు లేదు. "నీ టాక్‌బ్యాక్ లైటు సూడు."

ఎర్రగా వెలుగుతోంది.

బటన్ తట్టి ఆర్పేసి లేచాను.

"యాడికి?"

"చెప్పడానికి."

"పిచ్చా నీకు? ఎవరికీ తెల్వదు. హాల్ల ఎవరికీ వినపడలే. నీ హెచ్‌వన్‌బీ వీసా ఎక్స్‌టెన్షన్ ఇంకా కంపెనీ చేతిల ఉంది. గప్‌చుప్ కూసో."

"ఆయనకేం వినపడిందో ఆయనకి తెలీదు కదరా. ఊరూ పేరూ లేని భాషలో ఎవరో చెవిలో మాట్లాడితే ఏమనుకుంటాడు?"

వాడు కుర్చీ పక్కకి జరిపి నాకు దారిచ్చాడు.

వేదిక వెనక గది తలుపు దగ్గర సహాయకుడు నిలబడి ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. "డాక్టర్ లోపలే ఉన్నారు. హాస్పిటల్‌కి వెళ్తున్నాం. అవును, పదవి వదిలేస్తానంటున్నారు. ఈ రోజే సంస్థ డైరెక్టర్ల బోర్డుకి చెప్పేయమన్నారు. తన మనసు మీద తనకే నమ్మకం పోయిందంటున్నారు."

ఆ మాట విన్నాక నా ఉద్యోగం నాకు గుర్తు రాలేదు. జీవితమంతా కట్టుకున్నదాన్ని ఆ ముసలాయన నా గొణుగుడు వల్ల వదిలేస్తున్నాడు.

"ఎక్స్‌క్యూజ్ మి సర్. నేను సౌండ్ ఇంజనీర్‌ని. ఆయన్ని ఒక్క నిమిషం కలవాలి."

"ఇప్పుడు కుదరదు."

"ఇయర్‌పీస్ గురించి..."

ఆ పదం వినగానే అతని ముఖం మారిపోయింది. "ష్! ఇక్కడ ఆ మాట అనకండి. ఏదైనా ఉంటే ఈమెయిల్ పెట్టండి." తలుపు మూసేశాడు.

గొప్పవాళ్ళ చుట్టూ ఉండే గోడ ఇదే. దుర్మార్గంతో కట్టింది కాదు. ప్రేమతో, భయంతో, జీతం కోసం, అన్నిటితో కలిపి కట్టింది. వాళ్ళను బాధపెట్టే మాట లోపలికి రాకూడదని కడతారు. కావలసిన మాట కూడా ఆ గోడ బయటే ఉండిపోతుంది.

తలుపు ముందు నిలబడి, "ప్రభువా, దారి చూపించు" అన్నాను. అప్పుడు సెనేటర్ అలవాటు ఒకటి తట్టింది. ఆయన ఏ సమావేశం నుంచైనా ముందు తలుపులోంచి పోడు. వంటగదిలోంచి పోతాడు. ఎన్నికల రోజుల్లో అలవాటైందట. విందులో ముట్టని తిండి అక్కడ నిలబడే తింటాడు. గిన్నెలు కడిగేవాళ్ళకు, ట్రేలు మోసేవాళ్ళకు చేతులు కలుపుతాడు. "మీదే ఊరు?" అని అడుగుతాడు, జవాబు సగంలో ఉండగా పక్కమనిషి దగ్గరికి వెళ్ళిపోతాడు. అదంతా నటన అనుకునేదాన్ని. నటనో కాదో ఇప్పటికీ తెలియదు.

పరుగెత్తుకుంటూ వంటగదికి వెళ్ళాను. పొయ్యిల పక్కన నిలబడి బ్రెడ్డు ముక్క నములుతున్నాడు. నన్ను చూసి, అలవాటుగా మోచెయ్యి పట్టుకుని, "మీదే ఊరు?" అన్నాడు.

"సర్, ఆయనకి వినపడింది నా గొంతు. నేనే. ప్రార్థన చేసుకుంటున్నాను, బటన్ తెరిచి ఉంది. నా భాషలో. ఆయన చెవిలో."

నమలడం ఆపాడు. "మీ ప్రార్థన. ఆయన చెవిలో."

"యెస్ సర్."

పళ్ళెం పక్కన పెట్టి గోడకు ఆనుకుని నవ్వాడు. కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వాడు. వంటవాళ్ళు ఏమిటో తెలియకుండానే నవ్వారు. ఉన్నట్టుండి ఆగాడు. "ఆయనకి తెలుసా ఈ సంగతి?"

"నన్ను లోపలికి రానివ్వడం లేదు సర్. పదవి వదిలేస్తానంటున్నారట."

నా మోచెయ్యి వదలకుండానే నడిచాడు. దారిలో నేను చెప్పింది ఈసారి పూర్తిగా విన్నాడు. సహాయకుడు మూసిన తలుపును తట్టకుండానే తోసేశాడు. ఎవ్వరూ ఆపలేదు.

లోపల పెద్దాయన కోటు విప్పి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. డాక్టర్ ఆయన కళ్ళలోకి లైటు వేసి చూస్తోంది.

"శబ్దం కాదు, మాటలు" అంటున్నాడు ఆయన. "ఇయర్‌పీస్‌లో వచ్చేది ఇంగ్లీషే, ఇది కాదు. ఒకే మాట మళ్ళీ మళ్ళీ. స్టో... స్టోట్రమ్. అలాంటి మాట లేదని నాకు తెలుసు."

"ఉంది సర్" అన్నాను. "స్తోత్రం."

మైకు పెడుతున్నప్పుడు పైకప్పునే చూసిన ఆ మనిషి తల తిప్పి, మొదటిసారి నా ముఖంలోకి చూశాడు. జరిగిందంతా చెప్పాను. చెప్పడం అయ్యాక నవ్వుతాడనో, కోప్పడతాడనో అనుకున్నాను. రెండూ చెయ్యలేదు.

"నమ్మడానికి బాగానే ఉంది" అన్నాడు. "నమ్మాలని ఉన్నదాన్నే మనిషి ముందు నమ్ముతాడు. నిరూపించు."

అదీ ఆ మనుషుల అలవాటు. ప్రాణం మీదికి వచ్చినా లెక్క సరిచూసుకోకుండా సంతకం పెట్టరు.

అందరం ఖాళీ హాల్లోకి వచ్చాం. హోటల్ వాళ్ళు కుర్చీలు సర్దుతున్నారు. ఆయన వేదిక ఎక్కి, ఇయర్‌పీస్ చెవిలో పెట్టుకుని, నాకు వీపు తిప్పి కూర్చున్నాడు. "ఎప్పుడు మాట్లాడతావో చెప్పకు. వినపడితే చెయ్యి ఎత్తుతాను. మధ్యలో ఒకసారి బటన్ ఆపేసి కూడా ప్రార్థించు. అప్పుడు చెయ్యి లేస్తే నన్ను హాస్పిటల్‌కి పంపండి."

బోర్డు దగ్గర కూర్చున్నాను. మా కరీంనగర్ అబ్బాయి తన తెర వదిలేసి వేదిక వైపే చూస్తున్నాడు. ప్రార్థనను పరీక్షకు పెట్టవచ్చా అని మనసు అడ్డం తిరిగింది. తర్వాత అనిపించింది, పరీక్ష ప్రార్థనకు కాదు, ఈ బటన్‌కి.

ముందు బటన్ ఆపేసి ప్రార్థించాను. నిజంగానే ప్రార్థించాను. "తండ్రీ, ఆ చెయ్యి లేవనీయకు." ఆయన కదల్లేదు. డాక్టర్ ఆయన్నే చూస్తోంది. కుర్చీలు సర్దేవాళ్ళు కూడా ఏదో జరుగుతోందని ఆగిపోయారు.

తర్వాత బటన్ తట్టాను. "స్తోత్రం" అన్నాను, ఊరికే, గుంటూరు కూడికలో అన్నట్టు.

చెయ్యి లేచింది. నెమ్మదిగా కాదు, బళ్ళో జవాబు తెలిసిన పిల్లవాడి చెయ్యిలా లేచింది.

ఆపాను, చెయ్యి దిగింది. మళ్ళీ అన్నాను, మళ్ళీ లేచింది. మా కరీంనగర్ అబ్బాయి నా భుజం మీద ఒక్కటి చరిచి, "లేసింది అక్కా, లేసింది!" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

పెద్దాయన వెంటనే దిగలేదు. వీపు తిప్పి అలాగే కూర్చున్నాడు. భుజాలు మాత్రం కిందికి జారాయి, ఎవరో బరువు దించినట్టు. దిగి వచ్చాక మా దగ్గరే ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మా అన్నకి నా వయసులోనే మొదలైంది" అన్నాడు. "వంటింట్లో ఎవరో మాట్లాడుతున్నారనేవాడు. ఎవరూ ఉండేవాళ్ళు కాదు. చివరికి నన్ను కూడా మర్చిపోయాడు. అప్పటినుంచీ రోజూ, చిన్నప్పుడు మా వీధిలో నాతో ఆడుకున్న పిల్లల పేర్లు చదువుకుంటాను, ఒక్కడైనా తప్పిపోయాడేమోనని."

చెవిలోంచి ఇయర్‌పీస్ తీసి నా అరచేతిలో పెట్టాడు.

"ఇంతకీ ఆ మాటకి అర్థమేంటి?"

"దేవునికి థ్యాంక్స్ చెప్పడం, పొగడడం సర్."

"నా విషయంలో థ్యాంక్స్ ఎందుకు?"

"మీ కోసం అడుగుతున్నాను. మీ మాట జారకుండా ఉండాలని."

"జారింది" అన్నాడు. "నువ్వే జార్చావు."

సెనేటర్ మళ్ళీ నవ్వడం మొదలుపెట్టాడు. పెద్దాయన కూడా నవ్వాడు, తుప్పు పట్టిన గేటు తెరుచుకున్నట్టు.

సహాయకుడు మాత్రం నవ్వలేదు. "ఈమె కంపెనీకి చెప్పాలి సర్. ఇది చిన్న తప్పు కాదు."

"ఏమని చెప్తావు? నా చెవిలో ఏదో పెట్టుకున్నానని చెప్తావా?" అన్నాడు పెద్దాయన. "ముందు ఆ బోర్డు వాళ్ళకి ఫోన్ చెయ్యి. నేను ఎక్కడికీ పోవట్లేదని చెప్పు. హాస్పిటల్ వద్దు. శాండ్‌విచ్ ఉంటే తీసుకురా."

వంటగది నుంచి శాండ్‌విచ్‌లు వచ్చాయి. పెద్దాయన, డాక్టర్, సెనేటర్, మా కరీంనగర్ అబ్బాయి, నేను, అందరం సౌండ్ బోర్డు చుట్టూ కూర్చుని తిన్నాం. వైర్ల మీద రాలిన తునకలు ఊదుకుంటూ తిన్నాం. పెద్దాయన తన శాండ్‌విచ్ విప్పి లోపల ఏముందో చూసి, మళ్ళీ మూసి, అప్పుడు కొరికాడు.

మరునాడు నా మేనేజర్‌కు నేనే చెప్పాను, ఇయర్‌పీస్ ఎవరిదో చెప్పకుండా. నాకు తిండి సహించలేదు ఆ పొద్దున. ఆమె కంప్యూటర్ నుంచి తల ఎత్తకుండానే, "నేనొకసారి ఒక గవర్నర్ చెవిలో పిజ్జా ఆర్డర్ చేశాను. ఇంకోసారి తట్టి వదలకు, నొక్కి పట్టుకో" అంది. అంతే. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని ఎంతసేపు ఏడ్చానో, ఎంతసేపు నవ్వానో నాకే తెలియదు. వీసా ఎక్స్‌టెన్షన్ కూడా తర్వాత వచ్చింది. దేవునికి మహిమ.

"అక్కా, ఇగనుంచి మ్యూట్‌ల పెట్టి చెయ్యి ప్రార్థన" అంటాడు మా కరీంనగర్ అబ్బాయి. చేస్తున్నాను. కానీ మానలేదు. మా పక్క ఊరు షాంటిలీలో ఒక స్కూల్ హాల్లో ఆదివారం మా ఆరాధన జరుగుతుంది. అధికారుల కోసం ప్రార్థించే సమయం వచ్చినప్పుడు ఇదివరకు ఆ మాటలు నా నోట్లోంచి వాటంతట అవే దొర్లిపోయేవి. ఇప్పుడు వీపు తిప్పి కూర్చుని చెవి రిక్కించిన ఒక ముసలాయన కనబడతాడు. ఎంత డబ్బూ, ఎంత పదవీ ఆయనకు ఇవ్వలేని ఒక చిన్న నిజం కోసం ఎదురు చూస్తూ.

ఇది చదువుతున్నవారు ఎక్కడున్నా సరే, ఈ కాగితాన్ని ఒక్క క్షణం పక్కన పెట్టి నాతో కలవండి. మీకు ఇష్టం లేని నాయకుడు ఎవరైనా ఉంటే ఆయన్నే తలుచుకోండి.

తండ్రీ, మమ్మల్ని ఏలేవాళ్ళూ మాలాగే భయపడతారని మాకు గుర్తు చెయ్యి. వాళ్ళు దాచుకున్న బలహీనతను చూసి మేము సంతోషించకుండా మమ్మల్ని కాపాడు. వాళ్ళ తలుపు దగ్గర నిలబడేవాళ్ళకు వివేకం ఇయ్యి. నిజం చెప్పాల్సినవాళ్ళకు కాళ్ళలో బలం ఇయ్యి. ఈ రోజు ఏ గదిలోనైనా ఎవరైనా లేని జబ్బుకు, రాని కీడుకు వణుకుతూ కూర్చుని ఉంటే, వాళ్ళ దగ్గరికి సమయానికి ఒక మనిషిని పంపు. ఆ మనిషి మాలో ఎవరైనా అయితే, మేము వెనకాడకుండా వెళ్ళేలా చెయ్యి. ఆమేన్.